రంజాన్ నెలలో మనసు బరువెక్కితే: మన కోసం, మన వీధి కోసం ఏం చేయాలి

మా నాన్నకి ఒక అలవాటుండేది. రంజాన్‌కి వారం ముందు బట్టల షాపులో ఉచితంగా పంచే సహర్ (తెల్లవారుజాము భోజనం), ఇఫ్తార్ (ఉపవాసం విడిచే వేళ) టైమ్ కార్డు తెచ్చి ఫ్రిజ్ మీద అంటించేవాడు. రోజూ ఇఫ్తార్ అయ్యాక, వేళ్లకి ఖర్జూరం జిగురు ఇంకా వదలకముందే, నీలం బాల్‌పెన్నుతో ఆ రోజు గడిలో టిక్కు పెట్టేవాడు. ఆయన పోయాక వచ్చిన మొదటి రంజాన్‌కి కార్డు నేనే తెచ్చి అంటించాను. పదకొండో రోజాకి (ఉపవాసానికి) గానీ గమనించలేదు, దాని మీద ఒక్క టిక్కూ లేదు. ఆ సాయంత్రం అందరూ దస్తర్‌ఖాన్ (భోజనానికి పరిచే గుడ్డ) దగ్గర తింటుంటే నేను వంటింట్లో నిలబడి గ్యాస్ పొయ్యి తుడిచిందే తుడుస్తూ ఉండిపోయాను.

ఎవరికీ చెప్పలేదు. బరకత్ (శుభాల) నెలలో ఈ ఏడుపేంటి అంటారని.

మన దగ్గర ఉన్న చిక్కే ఇది. మిగతా పదకొండు నెలల్లో దిగులుగా ఉందంటే వినేవాళ్లు ఎవరో ఒకరు దొరుకుతారు. రంజాన్‌లో మాత్రం దిగులు చెప్పుకోవడానికి సిగ్గు. అందుకే నాకూ, మా వీధిలో కొందరికీ పనికొచ్చిన పద్ధతి ఒక వరసలో రాస్తున్నాను. నేను డాక్టర్ని కాను, ఆలిమాని (మతపండితురాలిని) కాను. ఏది డాక్టర్ని అడగాలో, ఏది ఇమాం సాబ్‌ని అడగాలో ఎక్కడికక్కడ చెబుతాను.

1. షాబాన్‌లోనే (రంజాన్‌కి ముందు నెలలోనే) ఒక కాగితం తీయండి

రంజాన్ ఏర్పాట్లంటే మనకి శనగపిండి, ఖర్జూరం, షర్బత్ సీసాలు, ఫ్రీజర్‌లో సమోసాలు. మనసు కోసం ఏర్పాటంటూ ఉండదు. నెల మొదలవడానికి మూడు వారాల ముందు ఒక్క అరగంట కూర్చుని, పోయిన రంజాన్‌లో ఎక్కడ తేడా కొట్టిందో రాయండి. "చాలా కష్టమైంది" అని రాస్తే లాభం లేదు. "పదిహేనో రోజా తర్వాత నిద్ర చాలక పిల్లల మీద చెయ్యి చేసుకున్నాను", "ఆఖరి పది రాత్రులు అందరూ మసీదులో ఉంటే నేను గదిలో ఒక్కదాన్నే" అన్నట్టు రాయాలి.

దాని కింద ఈసారి వదిలేయగలిగేవి రాయండి. ఎవరెవరి ఇఫ్తార్ పిలుపులకి రాలేమని చెప్పొచ్చో, ఏ షాపింగ్ షాబాన్‌లోనే ముగించొచ్చో. పండగ బట్టలు ముందే కుట్టించేస్తే ఆఖరి పది రోజుల్లో టైలర్ చుట్టూ తిరిగే టెన్షన్ ఉండదు. ఇది చిన్న విషయమనుకునేవాళ్లు ఇరవై ఏడో రోజున టైలర్ షాపు ముందు నిలబడి చూడాలి.

అన్నిటికంటే కింద రెండు పేర్లు రాయండి. కనీసం ఒకరు ఇంట్లోవాళ్లు కాకుండా ఉండాలి. వాళ్లకి ముందే ఫోన్ చేసి చెప్పండి: "ఈ నెల నాకు కొంచెం కష్టం. రెండు రోజులు నా మెసేజ్ లేకపోతే నువ్వే ఫోన్ చెయ్యి." కష్టం వచ్చాక ఈ మాట నోటికి రాదు. కష్టం రాకముందు తేలిగ్గా వస్తుంది.

చాంద్రమాన సంవత్సరం దాదాపు 354 రోజులు కాబట్టి రంజాన్ ఏటా పది, పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది. కొన్నేళ్ల కిందట మే ఎండల్లో దాహంతో పోరాడాం. ఈ మధ్య ఫిబ్రవరి, మార్చిలో వస్తోంది. అంటే ఎండ తగ్గింది, ఇంటర్, టెన్త్ పరీక్షలు నెత్తిన పడ్డాయి. ఇంట్లో పరీక్ష రాసే పిల్లలుంటే ఈ కాగితంలో వాళ్లకి విడిగా ఒక గడి కేటాయించండి. సహర్ తర్వాత ఒక గంట చదువు, మధ్యాహ్నం పరీక్ష నుంచి రాగానే నిద్ర. పరీక్ష ముందు రాత్రి తరావీహ్ (రంజాన్ రాత్రుల ప్రత్యేక నమాజు) ఇంట్లో చదువుకుంటానంటే దెప్పకండి. తరావీహ్ ఫర్జ్ (తప్పనిసరి) కాదు.

టీ గురించి కూడా ఇక్కడే. రోజుకి నాలుగైదు కప్పులు తాగేవాళ్లకి మొదటి మూడు రోజాల్లో వచ్చే తలనొప్పి, చిరాకు చాలావరకు ఆకలి వల్ల కాదు, టీ మానేయడం వల్ల. చివరి కప్పు తాగిన పన్నెండు నుంచి ఇరవై నాలుగు గంటల్లో ఈ తలనొప్పి మొదలై, వారం దాకా కూడా సాగొచ్చు. పది రోజుల ముందు నుంచి రెండు రోజులకో కప్పు చొప్పున తగ్గించుకుంటూ రండి. మా ఇంట్లో మొదటి రోజా గొడవ సగం దీంతోనే పోయింది.

2. మందులు వాడేవారు ముందు డాక్టర్ దగ్గరికి

డిప్రెషన్, ఆందోళన, బైపోలార్ (మనసు మరీ హుషారుకీ మరీ కుంగుబాటుకీ ఊగే జబ్బు), ఫిట్స్, షుగర్, వీటిలో దేనికి మందులు వాడుతున్నా రోజా నిర్ణయం సొంతంగా చేయకండి. రంజాన్‌కి ముందే డాక్టర్ని కలిసి నేరుగా అడగండి: నేను రోజా ఉండొచ్చా? ఉంటే ఏ మాత్ర ఎప్పుడు? రోజుకి ఒక్కసారి వేసుకునే మాత్రలు చాలావాటిని ఇఫ్తార్ తర్వాతికి మార్చే వీలుంటుంది. మూడు పూటల మందుని రెండు పూటల రకంతో మార్చడం కూడా కొన్నిసార్లు కుదురుతుంది. అది చేయాల్సింది డాక్టరు, మెడికల్ షాపు అబ్బాయి కాదు.

బైపోలార్‌కి ఇచ్చే లిథియం మందు వాడేవారి సంగతి విడిగా చెప్పాలి. ఒంట్లో నీరు తగ్గితే రక్తంలో లిథియం మోతాదు పెరుగుతుంది. చేతులు వణకడం, వాంతులు, విరేచనాలు, నడక తూలడం, మాట తడబడడం కనిపిస్తే రోజా విడిచి వెంటనే ఆస్పత్రికి వెళ్లాలి. బైపోలార్ ఉన్నవాళ్లకి నిద్ర చెడిపోవడం కూడా ప్రమాదమే. వరసగా రెండు మూడు రాత్రులు నిద్ర లేకుండా హుషారుగా తిరుగుతుంటే దాన్ని ఇబాదత్ (ఆరాధన) బలం అనుకుని మురిసిపోకండి.

మాత్ర మింగితే రోజా పోతుందని మందే మానేసేవాళ్లని నేను చూశాను. డిప్రెషన్ మందు ఉన్నట్టుండి ఆపితే తల తిరుగుడు, నిద్ర పట్టకపోవడం, విపరీతమైన చిరాకు వస్తాయి. తగ్గిన జబ్బు తిరగబెట్టొచ్చు కూడా.

డాక్టరు వద్దంటే? ఖురాన్ రెండో సూరాలో (అధ్యాయంలో) రోజా ఫర్జ్ చేసిన వాక్యాల్లోనే రోగికి, ప్రయాణికుడికి సడలింపు ఉంది. తర్వాత ఖజా (తప్పిన రోజాకి బదులు రోజా) ఉండొచ్చు. కోలుకునే ఆశ లేని జబ్బయితే రోజుకొక పేదవాడికి భోజనం పెట్టే ఫిద్యా ఉంది. "అల్లాహ్ మీకు సులువు కోరుతున్నాడు, కష్టం కోరడం లేదు" అన్న మాట అక్కడే, 185వ ఆయత్‌లో ఉంది. మానసిక జబ్బు కూడా జబ్బే. లెక్క ఎలా కట్టాలో ఇమాం సాబ్‌ని అడగండి. ఆయనకి జబ్బు పేరు చెప్పాలని లేదు. "డాక్టరు వద్దన్నారు" అంటే చాలు.

రోజా లేనివాళ్ల బాధ మిగతావాళ్లకి అర్థం కాదు. ఇంట్లో అందరూ సహర్‌కి లేచిన చప్పుడు వింటూ పడుకోవడం, మధ్యాహ్నం దొంగలా వంటింట్లో నిలబడి నీళ్లు తాగడం. అలాంటివాళ్లకి నెలలో చోటు ఉండాలంటే ఏదైనా పని అప్పగించాలి. ఇఫ్తార్‌కి పండ్లు కోయడం, అందరినీ సహర్‌కి లేపడం, పక్కింటి ముసలావిడకి డబ్బా ఇచ్చి రావడం. సహర్‌కి వాళ్లనీ లేపి కూర్చోబెట్టుకోండి, నిద్ర చెడితే జబ్బు పెరిగేవాళ్లని తప్ప.

3. నిద్ర లెక్క

మార్చిలో మన ప్రాంతంలో సహర్ ఉదయం అయిదు దాటాక కాసేపట్లో ముగుస్తుంది, ఇఫ్తార్ ఆరున్నరకి కాస్త ముందు. తరావీహ్ అయ్యి ఇంటికి చేరేసరికి పది. నేరుగా పడుకుంటే ఆరు గంటలు దక్కుతాయి. మనం పడుకోం కదా. 2010లో జీఐ (భౌగోళిక) గుర్తింపు తెచ్చుకున్న హైదరాబాద్ హలీంని నేనేమీ అనను. కానీ రాత్రి పదకొండున్నరకి ప్లేటు హలీం, పైన ఇరానీ చాయ్, ఆ తర్వాత ఒంటిగంట దాకా ఫోన్ చూస్తూ ఉంటే నాలుగింటికి లేచేది మనిషి కాదు, మనిషి నీడ.

వారానికి ఒక్క రాత్రి బయట తిరగండి, శనివారం అనుకోండి. మిగతా రోజులు పదిన్నరకి దీపం ఆరాలి. జొహర్ (మధ్యాహ్నం) నమాజ్ దరిదాపుల్లో ఇరవై, ముప్పై నిమిషాల కునుకు తీయండి, ఖైలూలా మన సంప్రదాయమే. గంటన్నర పడుకుంటే మాత్రం రాత్రి నిద్ర పట్టదు. సాయంత్రం నాలుగు నుంచి ఇఫ్తార్ దాకా ఇంట్లో పెద్ద విషయాలు మాట్లాడకండి: డబ్బు, అత్తగారి ఊరు, పిల్లల మార్కులు. తిన్నాక మాట్లాడుకోవచ్చు. ఎవరైనా గొడవకి దిగితే "నేను రోజా ఉన్నాను" అనమని ప్రవక్త నేర్పారు. ఎదుటివాడికి చెప్పినట్టే ఉంటుంది, మనకి మనం చెప్పుకున్నట్టూ ఉంటుంది.

తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వాలు రంజాన్‌లో ముస్లిం ఉద్యోగులు గంట ముందు ఇంటికి వెళ్లేలా ఉత్తర్వులు ఇస్తుంటాయి. ప్రైవేటులో ఆ సౌకర్యం అడిగి తెచ్చుకోవాల్సిందే. నెల మొదలవకముందే మేనేజర్ని అడగండి: లంచ్ గంట వదిలేస్తాను, ఆ గంట ముందు వెళ్తాను. అడగకుండానే కాదంటారని అనుకుని నెలంతా ట్రాఫిక్‌లో సిటీ బస్సులో ఖర్జూరం నోట్లో వేసుకునేవాళ్లు చాలామంది.

4. "షైతాన్‌ని కట్టేశారుగా, మరి నాకెందుకిలా?"

ఈ గైడ్ రాయడానికి అసలు కారణం ఈ ప్రశ్న. రంజాన్‌లో షైతాన్లని సంకెళ్లు వేసి ఉంచుతారన్న హదీసు (ప్రవక్త మాట) మనందరికీ చిన్నప్పటి నుంచి తెలుసు. మామూలుగా ఉన్నవాడికి అది ధైర్యం. డిప్రెషన్‌లో ఉన్నవాడి బుర్రలో అదే తిరగబడుతుంది. షైతాన్ లేనప్పుడు కూడా నాకు నమాజులో మనసు నిలవట్లేదంటే, దువా (వేడుకోలు) చేస్తే కన్నీరు రావట్లేదంటే, తప్పంతా నాదే, నా ఈమానే (విశ్వాసమే) చెడిపోయింది అనుకుంటాడు. జబ్బు మీద పాపభారం ఎక్కుతుంది.

డిప్రెషన్ లక్షణాల్లో ముఖ్యమైనది ఏంటంటే, ఇంతకుముందు ఇష్టంగా చేసిన పని మీద ఇష్టం పోవడం. ఇబాదత్ కూడా ఆ జాబితాలోదే. ఖురాన్ తెరిచి అదే లైను నాలుగుసార్లు చదువుతుంటే, అది ఈమాన్ లోపం కాకుండా మెదడు అలసట అయ్యుండొచ్చు. తేడా ఎలా తెలుస్తుంది? ఆకలి చిరాకు ఇఫ్తార్‌తో పోతుంది. నిద్రలేమి ఒక మంచి రాత్రితో తేలికవుతుంది. ఏ రోజైనా బాధగా ఉండి, మనుషుల్లో కూర్చుంటే తగ్గితే అది మామూలు దిగులు. అలా కాకుండా రెండు వారాలకి పైగా, రోజులో ఎక్కువసేపు, తిన్నా తగ్గక, ఎవరున్నా తగ్గక, పని కూడా చేయలేకపోతుంటే అప్పుడు డాక్టర్ని కలవాలి. పండగ అయ్యాక చూద్దాం అనకూడదు.

దువాతో పాటు డాక్టరు. ప్రవక్తే చింత నుంచి, దుఃఖం నుంచి శరణు కోరుతూ దువా చేసేవారు. ఆయన భార్య ఖదీజా, పెదనాన్న అబూ తాలిబ్ ఇద్దరూ పోయిన ఏడాదిని చరిత్రకారులు దుఃఖ సంవత్సరం అనే పిలిచారు. ఆయనకి వచ్చిన దుఃఖం మనకి వస్తే ఈమాన్ లోపం ఎలా అవుతుంది? జిన్ను పట్టిందని తాయెత్తులకి వేలు పోసేవాళ్లకి నేను చెప్పేది ఒక్కటే: దమ్ (ఖురాన్ చదివి ఊదడం) చేయించుకోండి, ఆ డబ్బులో కొంత డాక్టరు ఫీజుకి కూడా దాచుకోండి.

ఒక చిన్న పనిముట్టు. మా నాన్న టైమ్ కార్డు నాకు అలా పనికొచ్చింది. టిక్కు బదులు గడిలో మూడు చుక్కలు పెట్టడం మొదలుపెట్టాను. అయిదు గంటలకి మించి పడుకుంటే ఒక చుక్క. ఇఫ్తార్‌లో వేపుళ్లు కాకుండా అన్నం, పప్పు లాంటిది ఏదైనా తింటే ఒకటి. ఇంట్లోవాళ్లు కానివాళ్లతో అయిదు నిమిషాలు మాట్లాడితే ఒకటి. నమాజులో ఎన్ని రకాత్‌లు, ఖురాన్‌లో ఎన్ని పారాలు (భాగాలు) అన్న లెక్క దీంట్లో కలపకండి. వరసగా నాలుగు రోజులు ఖాళీ గడులు కనిపిస్తే, కాగితం మీద రాసుకున్న ఆ రెండు పేర్లలో ఒకరికి ఫోన్ చేయాలి.

5. వంటింట్లో ఉన్న మనిషి

ఇఫ్తార్ అజాన్‌కి రెండు నిమిషాల ముందు మీ ఇంట్లో ఎవరు ఎక్కడున్నారో ఈసారి చూడండి. మగవాళ్లు, పిల్లలు దస్తర్‌ఖాన్ చుట్టూ చేతులెత్తి దువాలో ఉంటారు. దువా కబూల్ అయ్యే సమయమని మనం నమ్మే ఆ రెండు నిమిషాలు ఇంటి ఆడమనిషి మూకుడులోంచి పకోడీ తీస్తూ ఉంటుంది. ఆమెకి నెల మొత్తం ఇంతే. సహర్‌కి అందరికంటే గంట ముందు లేచేదీ, తరావీహ్ వేళకి గిన్నెలు తోమేదీ ఆమే.

ఒక నియమం పెట్టుకోండి: అజాన్‌కి పది నిమిషాల ముందు పొయ్యి ఆగిపోవాలి. ఉడికినంతే తింటాం. మా అత్తగారింట్లో ఇది చెప్పినప్పుడు "పకోడీ చల్లారిపోదూ" అన్నారు. చల్లారింది, ఎవరూ చావలేదు. రెండోది, వేపుడు ఒక్కటే రకం. మూడోది, వారానికి రెండు రోజులు మగవాళ్లు సహర్ చేయాలి, రాత్రి అన్నం తాళింపు వేసినా చాలు.

నెలసరి రోజుల్లో రోజా, నమాజు ఉండవు. చాలామంది ఆడపిల్లలు ఆ సంగతి ఇంట్లో మగవాళ్లకి తెలియకూడదని రోజా ఉన్నట్టు నటిస్తూ పస్తులుంటారు. తల్లులు ఈ నటన మాన్పించాలి. కూతురి గదిలో నీళ్ల సీసా, పండు పెట్టండి. ఆ రోజుల్లో దువా, జిక్ర్ (దైవస్మరణ), దానం వేటికీ అడ్డు లేదు. బాలింతలకి, కడుపుతో ఉన్నవాళ్లకి తమకో బిడ్డకో హాని అనిపిస్తే సడలింపు ఉంది. ప్రసవం తర్వాత కొత్త తల్లి ఊరికే ఏడుస్తుంటే దిష్టి అని వదిలేయకుండా డాక్టరుకి చూపించండి.

6. ఎవరినైనా పోగొట్టుకున్నాక వచ్చే మొదటి రంజాన్

నా అనుభవంలో ఇఫ్తార్ వేళ కంటే సహర్ వేళే ఎక్కువ గుచ్చుకుంటుంది. ఇఫ్తార్‌కి హడావిడి ఉంటుంది. సహర్‌లో ఇంట్లో దీపం ఒక్కటే, గిన్నె మీద చెంచా చప్పుడు, దూరంగా మసీదు మైకు. అలాంటి ఇంటికి సహర్ వేళకి ఒక ఫోన్ వస్తే దాని విలువ వేరు. "లేచావా ఆపా?" అంతే, రెండో మాట అక్కర్లేదు.

పోయినవారి పేరు పలకడానికి భయపడకండి. మా పక్కింటి చాచీ ఒకసారి గంజి గిన్నెతో వచ్చి, "మీ నాన్న దీంట్లో కొత్తిమీర ఎక్కువ వేయమనేవాడు" అంది. ఆ నెలలో నాకు దొరికిన ఓదార్పు అదే. "సబర్ చెయ్యి" అన్నవాళ్లు యాభైమంది ఉన్నారు, ఆ కొత్తిమీర ఒక్కటే గుర్తుంది. వారి పేరు మీద ఒక పని చేయొచ్చు: వారికిష్టమైన వంటకం వండి ఒక ఇఫ్తార్‌కి మసీదుకి పంపడం, ఒక పిల్లాడి పుస్తకాల ఖర్చు పెట్టుకోవడం. నేను ఏటా మా నాన్న వాడిన రకం నీలం బాల్‌పెన్నుల డబ్బా ఒకటి మదరసా పిల్లలకి ఇస్తాను.

7. మసీదు, వీధి: అయిదుగురు చాలు

ప్రవక్త సహచరులు సల్మాన్, అబూ దర్దా కథ మీలో చాలామందికి తెలిసే ఉంటుంది, బుఖారీ హదీసు గ్రంథంలో ఉంది. ప్రవక్త వాళ్లిద్దరినీ అన్నదమ్ములుగా కలిపారు. సల్మాన్ ఒకరోజు అబూ దర్దా ఇంటికి వెళ్తే ఆయన భార్య మాసిన బట్టలతో కనిపించింది. ఏంటని అడిగితే, మీ అన్నకి ఈ లోకంతో పనిలేదు అంది. అబూ దర్దా పగలంతా నఫిల్ (తప్పనిసరి కాని) రోజా, రాత్రంతా నమాజు. సల్మాన్ ఉపన్యాసం ఇవ్వలేదు. భోజనం ముందు పెట్టుకుని, నువ్వు తింటేనే నేను తింటాను అన్నాడు. రాత్రి ఆయన నమాజుకి లేవబోతే పడుకో అన్నాడు. చివరి జాములో ఇద్దరూ లేచి కలిసి నమాజు చేశారు. ఆ తర్వాతే చెప్పాడు: నీ ప్రభువుకి నీ మీద హక్కుంది, నీ ఒంటికీ హక్కుంది, నీ ఇంటివాళ్లకీ హక్కుంది. ప్రవక్త విని, సల్మాన్ నిజం చెప్పాడన్నారు.

మన పని మొత్తం ఈ కథలో ఉంది. సల్మాన్ ఇంటికి వెళ్లాడు. ఇంటామె బట్టలు చూసి ఏదో తేడా ఉందని పసిగట్టాడు. తిన్నాడు, రాత్రి అక్కడే ఉన్నాడు. మాట చివర్న వచ్చింది.

ఇలా చేయండి. మసీదు కమిటీ మొత్తాన్ని కదిలించాలనుకుంటే రంజాన్ అయిపోతుంది. అయిదుగురు చేరండి, ఇద్దరు ఆడవాళ్లు తప్పనిసరి. వీధి వీధికీ ఒక జాబితా: ఒంటరిగా ఉండే పెద్దవాళ్లు, ఈ ఏడాది ఇంట్లో చావు చూసినవాళ్లు, భర్త గల్ఫ్‌లో ఉన్నవాళ్లు, విడాకులైనవాళ్లు, ఉద్యోగం పోయినవాళ్లు, రూముల్లో ఉండే విద్యార్థులు, బయటి రాష్ట్రాల నుంచి వచ్చిన కూలీలు, కొత్తగా దీన్‌లోకి (ఇస్లాంలోకి) వచ్చినవాళ్లు. ఈ చివరివాళ్ల ఇళ్లలో సహర్‌కి లేపేవాళ్లు కూడా ఉండరు. జాబితా కాగితం మీదే ఉండాలి, వాట్సాప్ గ్రూపులో పెట్టకండి. ఒక్కొక్కరికి నాలుగిళ్లకి మించి ఇవ్వకండి.

వారానికి రెండుసార్లు ఆ ఇళ్లకి వెళ్లాలి. చేతిలో ఏదో ఒక డబ్బా ఉంటే తలుపు తట్టడం సులువు. అసర్‌కి (సాయంత్రం నమాజు వేళకి) మసీదులో గంజి కాస్తే అదే తీసుకెళ్లండి. ఎలా ఉన్నావని అడగకండి. ఎవరిని అడిగినా "అల్‌హందులిల్లా" అంటారు. అది మంచి జవాబే, తలుపు మూసే జవాబు కూడా అదే. మా గుంపులో ఒక ఆపా ఇలా అడుగుతుంది:

"రాత్రి ఎంతసేపు పడుకున్నావు?"

"ఏముంది ఆపా, పడుకున్నాను."

"నిన్న ఇఫ్తార్ ఎవరితో చేశావు?"

కాసేపు మౌనం. "ఎవరితో చేస్తాను, టీవీ పెట్టుకుని తిన్నాను."

"అయితే రేపు నా డబ్బా కూడా ఇక్కడికే తెచ్చుకుంటాను. ప్లేట్లు మాత్రం నువ్వు కడగాలి."

ఆ చివరి మాట చూడండి. సాయం తీసుకునే మనిషికి కూడా ఒక పని మిగిల్చింది.

డబ్బు సంగతి. రంజాన్‌లో కుంగుబాటుకి పెద్ద కారణం చాలా ఇళ్లలో అప్పు, పండగ ఖర్చు. జకాత్ (తప్పనిసరి దానం) రెండున్నర శాతం లెక్క అందరికీ తెలుసు గానీ, ఖురాన్ చెప్పిన ఎనిమిది వర్గాల్లో అప్పుల్లో మునిగినవాళ్లూ ఉన్నారని మరచిపోతాం. చీరలు పంచేబదులు ఒక కుటుంబం అద్దె బాకీ, కిరాణా ఖాతా తీర్చండి. జకాత్ అని నోటితో చెప్పాల్సిన పనిలేదని ఆలిములు చెబుతారు. "పిల్లలకి ఈదీ" (పండగ కానుక) అని ఇవ్వొచ్చు. ఫొటో తీయకండి. ఫొటోకి నిలబడలేక లైన్లోంచి వెళ్లిపోయిన తల్లిని నేను చూశాను. ఫిత్రా (పండగ దానం) పండగ నమాజుకి ముందు ఇస్తే సరిపోతుంది కానీ వారం ముందు ఇస్తే ఆ ఇంట్లోవాళ్లు ఆఖరి రోజున బజారు వెంట పరుగెత్తక్కర్లేదు.

ఇమాం సాబ్‌ని ఒక్క జుమా ఖుత్బాలో (శుక్రవారం ప్రసంగంలో) మానసిక అనారోగ్యం గురించి మాట్లాడమనండి. సల్మాన్ కథ చెబితే చాలు. నమాజ్ టైముల బోర్డు పక్కనే టెలీ మానస్ నంబరు 14416 అంటించండి. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబర్ 10న మొదలుపెట్టిన ఉచిత మానసిక ఆరోగ్య ఫోన్ సేవ అది, రోజంతా పనిచేస్తుంది, తెలుగులోనే మాట్లాడతారు. ఆడవాళ్లు తరావీహ్‌కి రాగలిగే చోటు ఉంటే, అక్కడ తలుపు లోపలివైపు కూడా అంటించండి. ఏడ్చే మనిషి బోర్డు ముందు నిలబడి నంబరు రాసుకోదు.

ముస్లింలు కాని స్నేహితులు "మేమేం చేయాలి" అని అడుగుతుంటారు. "నీళ్లు కూడా తాగవా?" అన్న ప్రశ్న ఏటా అడగకుండా ఉంటే సగం సాయం. సాయంత్రం అయిదున్నర మీటింగ్ మూడింటికి జరపండి. ఆఫీసులో ఎవరైనా రోజా లేకుండా కనిపిస్తే కారణం అడక్కండి.

8. ఊరు దాటి ఉన్నవాళ్లు

హాస్టల్, పీజీ వాళ్లకి సహర్ పెద్ద సమస్య. వార్డెన్‌తో రాతపూర్వకంగా మాట్లాడుకోండి: రాత్రి భోజనం డబ్బాలో పెట్టి ఇవ్వాలి, నాలుగింటికి వేడినీళ్లు దొరకాలి. నలుగురుంటే ఒక ఎలక్ట్రిక్ కెటిల్ కొనుక్కోండి, ఓట్స్, గుడ్లు, అరటిపండ్లు చాలు. ఒక్కరే ఉంటే వారానికి రెండు ఇఫ్తార్‌లైనా దగ్గరి మసీదులో చేయండి. అక్కడ ఎవరి పేరూ తెలియకపోయినా పక్కన కూర్చున్నవాడు ఖర్జూరం మీవైపు జరుపుతాడు.

కడప, రాయచోటి నుంచి కువైట్‌లో ఇళ్లల్లో పనికి వెళ్లిన ఆడవాళ్లకి రంజాన్ పని రెట్టింపయ్యే నెల. రాత్రంతా అతిథులు, తెల్లవార్లూ వంట. యూఏఈలో ప్రైవేటు ఉద్యోగులకి ఈ నెల పని గంటలు రోజుకి రెండు తగ్గుతాయి గానీ, ఇంటిపనివాళ్ల కథ ఇంటి యజమాని మంచితనం మీదే ఉంటుంది. ఇక్కడున్న కుటుంబాలకి నా మనవి: ఆమె ఫోన్ చేసినప్పుడు పండగ డబ్బుల మాట మొదట ఎత్తకండి. వీడియో కాల్‌లో దస్తర్‌ఖాన్ చూపించే ముందు ఆమె తిన్నదో లేదో అడగండి.

9. ఆగకూడని పరిస్థితి

"నేను లేకపోతేనే మీకు హాయి" అన్న మాట, వస్తువులు పంచిపెట్టడం, ఉన్నట్టుండి అందరినీ క్షమాపణ అడగడం: ఇవి ప్రాణం తీసుకోవాలన్న ఆలోచనకి గుర్తులు కావచ్చు. ఈ చివరిది రంజాన్‌లో మోసం చేస్తుంది, ఎందుకంటే షబే ఖదర్ (ఆఖరి పది రాత్రుల్లోని పవిత్ర రాత్రి) ముందు అందరూ మాఫీ అడుగుతారు. కొన్నాళ్లుగా కుంగి ఉన్న మనిషి అడిగితే మాత్రం ఆగి చూడండి. నేరుగా అడగండి: "చచ్చిపోవాలనిపిస్తోందా?" అడిగినంత మాత్రాన ఆ ఆలోచన కొత్తగా పుట్టదు. అవునంటే ఒంటరిగా వదలకండి. మాత్రలు, పురుగుమందు, చున్నీలు, తాళ్లు అందకుండా తీసేయండి. 14416కి ఫోన్ చేయండి, ప్రాణం మీదకి వస్తే అత్యవసర నంబరు 112, లేదా దగ్గరి ఆస్పత్రి అత్యవసర విభాగం. నీళ్లు తాగించాల్సి వస్తే తాగించండి, రోజా సంగతి తర్వాత. "ఆత్మహత్య హరామ్ తెలుసా" అనకండి. వాళ్లకి తెలుసు, తెలిసే ఇంతకాలం ఎవరికీ చెప్పలేదు.

10. ఆఖరి పది రాత్రులు, పండగ, ఆ తర్వాత

ఆఖరి పదిలో మసీదులు కళకళలాడతాయి. అలసటా అప్పుడే పీక్. అన్ని రాత్రులూ మేలుకోలేకపోతే బేసి రాత్రుల్లో ఒక గంట పెట్టుకోండి, మిగతా సమయం పడుకోండి. ఇతికాఫ్‌లో (ఆరాధన కోసం మసీదులోనే ఉండిపోవడం) కూర్చునేవాళ్లు మాత్రలు సంచిలో పెట్టుకోవాలి.

పండగ రోజు మధ్యాహ్నం షీర్ ఖుర్మా గిన్నెలు ఖాళీ అయ్యాక ఒక బోసితనం వస్తుంది. వారం పాటు ఉండొచ్చు. ఈ నెలంతా లేచిన వేళకి మెలకువ వస్తుంది, లేవడానికి కారణం ఉండదు. ఆ వారానికి ముందే ఏదైనా పెట్టుకోండి: ఊరెళ్లడం, ఇల్లు సర్దడం, స్నేహితులతో ఒక మధ్యాహ్న భోజనం. షవ్వాల్ (రంజాన్ తర్వాతి నెల) ఆరు రోజాలు ఓపిక ఉంటేనే. అయిదుగురి జాబితాలో ఉన్న ఇళ్లకి పండగ తర్వాత పదో రోజు ఒకసారి వెళ్లండి. అప్పటికి అందరి డబ్బాలూ ఆగిపోయి ఉంటాయి.

టైమ్ కార్డు పారేయకండి. వెనకవైపు ఖాళీగా ఉంటుంది. అనారోగ్యం వల్లో, నెలసరి వల్లో తప్పిపోయిన రోజాలు ఎన్నో అక్కడ అంకె వేసి రాసుకోండి: ఆరు, పదకొండు, ఎంతైతే అంత. డిసెంబర్, జనవరిలో పగలు చిన్నది, చల్లగా ఉంటుంది, వారానికొకటి చొప్పున తీరిపోతాయి. ఒక్కో ఖజా తీరినప్పుడు ఆ అంకె కొట్టేసి కొత్తది వేయండి. మా ఫ్రిజ్ మీద ఇప్పుడు నాలుగు అని ఉంది.